కాలవ గట్ల మీద నాలుగు రోజులు: రాజమండ్రి నుంచి అంతర్వేదికి సైకిల్ మీద ఎలా వెళ్ళాలి?

నల్గొండ_సైకిల్ | నవంబర్ 20, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నాకు 57 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, సొంతూరు నల్గొండ దగ్గర. రోజూ పొద్దున పది పన్నెండు కిలోమీటర్లు తొక్కుతాను, అంతకంటే ఎక్కువ ఎప్పుడూ తొక్కలేదు. మా ఊళ్ళో బోర్లు ఎండిపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకే చిన్నప్పటి నుంచి కోనసీమ కాలవల గురించి ఎవరు చెప్పినా నోరు తెరుచుకుని వినేవాణ్ణి, కానీ ఇన్నేళ్ళలో బస్సులోంచి చూడటమే తప్ప దిగి నిలబడింది లేదు. డిసెంబర్ రెండో వారంలో మా అమ్మాయికి (23) సెలవులు. ఇద్దరం రాజమండ్రిలో రైలు దిగి, కాలవ గట్ల మీదుగా అంతర్వేది దాకా సైకిళ్ళ మీద వెళ్దామని ఉంది. నాలుగు రోజులు సరిపోతాయా? రోజుకు 30-35 కిలోమీటర్లు చాలు మాకు. రికార్డులేమీ వద్దు, నచ్చిన చోట ఆగాలి, కొబ్బరి బొండం తాగాలి, మళ్ళీ బయల్దేరాలి. నాది మామూలు గేర్ల సైకిల్, అమ్మాయిది హైబ్రిడ్. దారి తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రెవే_బెజవాడ | నవంబర్ 20, రాత్రి 10:02

సార్, రాజమండ్రి నుంచి అంతర్వేది ఎలా తిప్పి వేసుకున్నా 150 కిలోమీటర్లు దాటదు, పైగా నేలంతా చదును. మేం 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ ప్రయాణం) పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, అది రూలు. మీ వయసుకి రెండు రోజులు పెట్టుకోండి, నాలుగు రోజులంటే మూడో రోజుకి బోరు కొడుతుంది. జాతీయ రహదారి 216 నున్నగా ఉంటుంది, అమలాపురం నుంచి రాజోలు వైపు గంటన్నరలో వెళ్ళిపోవచ్చు.

లొల్లలాకులు | నవంబర్ 21, ఉదయం 6:25

ఆయ్, నల్గొండ అన్నగారూ, నాలుగు రోజులే పెట్టుకోండి. ఐదైతే ఇంకా మంచిది. మాది ఆత్రేయపురం పక్కన, నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఒక మాట. మీరు తొక్కబోయే గట్లు సైకిల్ కోసం వేసినవి కావు, బండ్ల కోసమూ కాదు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక తవ్వించిన కాలవలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. లాకులు, అంటే నీటిమట్టం మారే చోట పడవని ఎక్కించి దించే తలుపులు, కట్టింది అందుకే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాక్కెళ్ళేవారు. మా తాతయ్య చిన్నప్పుడు చూశారట. తాడు లాగే మనిషి కాలు ఎక్కడా ఆగకుండా పోవాలి కాబట్టి గట్టు అలా సాగిపోతుంది. ఎత్తుపల్లాలు నీరు చూసుకుంది, మీరు చూసుకోనక్కర్లేదు. నీరు ఎటు పారుతోందో అటు పోతే సముద్రమే.

ఇక దారి. రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం వెళ్ళండి. అక్కడ కాటన్ మ్యూజియం ఉంది, ఒక గంట పెట్టుకోండి. బ్యారేజీ ఎక్కి పిచ్చుకలంక మీదుగా బొబ్బర్లంక. ఇప్పుడున్న బ్యారేజీ పాత ఆనకట్ట బదులు తర్వాత కట్టింది. దాని మీద ఆగి ఫొటోలు తీసుకునేటప్పుడు వెనక లారీలు చూసుకోండి. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలవుతుంది. దాని గట్టు పట్టుకుంటే మా లొల్ల లాకులు. పొద్దున ఎనిమిదింటికి అక్కడుండేలా చూసుకోండి, నీటి మీద పొగమంచు లేస్తుంటే ఎదురొడ్డున చెట్లు కూడా కనబడవు. ఆత్రేయపురంలో పూతరేకులు ఇళ్ళల్లో చేస్తుంటారు. అడిగితే కుండ బోర్లించి రేకు తీసేది చూపిస్తారు. కొనకుండా చూడ్డానికి వెళ్ళొద్దండి, ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ పొయ్యి ముందు కూర్చుని చేసే పని అది. అక్కణ్ణుంచి ర్యాలి గుడి చూసుకుని రావులపాలెం, రాత్రికి అక్కడ లాడ్జీలుంటాయి. మొదటి రోజుకి అంతే.

రేకులషెడ్డు_మెకానిక్ | నవంబర్ 21, మధ్యాహ్నం 1:40

దారి గురించి లొల్ల అన్న చెప్తారు, నేను సైకిల్ గురించి చెప్తా. అమ్మాయి సైకిల్ హైబ్రిడ్ అన్నారు. వాల్వ్ సన్నగా పొడుగ్గా ఉందేమో చూడండి. అది ప్రెస్టా. మా పల్లె షాపుల్లో పంపులు ప్రెస్టాకి పట్టవు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు, రెండు కొని ఒకటి వాల్వ్‌కే బిగించి ఉంచండి. ఆ టైర్ సైజు ట్యూబు పల్లెలో దొరకదు. మా దగ్గర ఉండేవి 28 ఇంటూ ఒకటిన్నర ట్యూబులు, వాటి వాల్వ్ లావు, ప్రెస్టా రిమ్ముకి ఉన్న చిన్న రంధ్రంలో దూరదు. కాబట్టి స్పేర్ ట్యూబులు మీరే రెండు తెచ్చుకోండి. టైర్ల వెడల్పు 35 లేదా 38 మిల్లీమీటర్లు ఉంటే గాలి మరీ గట్టిగా కొట్టకండి, గట్టు మీద కంకర తేలిన చోట ఎగురుతుంది, 50 పీఎస్‌ఐ చాలు. గట్ల పక్కన తుమ్మ కొట్టి కంచె వేసిన చోట ముల్లు దారి మీదకొస్తుంది. సామాను వీపున తగిలించుకోవద్దు, క్యారియర్‌కి కట్టండి. వీపున బ్యాగుతో రెండో రోజుకి మెడ పట్టేస్తుంది.

ఐండ్‌హోవెన్_తెలుగు | నవంబర్ 21, సాయంత్రం 6:55

నేను నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను, మా అత్తగారిది రాజోలు. రెండు చోట్లా తొక్కాను కాబట్టి రాస్తున్నా. ఇక్కడ కట్టల మీద సైకిల్ దారులు ఎలా ఉంటాయంటే, కూడలి కూడలికీ ఒక నంబరు బోర్డు ఉంటుంది. 14 నుంచి 27కి, 27 నుంచి 31కి అని నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకుని హ్యాండిల్‌కి అతికించుకుంటే మ్యాపే అక్కర్లేదు. కోనసీమలో బోర్డులు లేవు కానీ లాకులున్నాయి, గుళ్ళున్నాయి, రేవులున్నాయి. మీరు కూడా ఊళ్ళ పేర్లు అలా ఒక చీటీ మీద వరసగా రాసుకోండి, ఫోన్ తీసే పని తప్పుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి గాలి. చదును నేల మీద కొండలుండవు కానీ ఎదురుగాలి ఉంటుంది. కొండ ఎక్కితే దిగుడు వస్తుంది, ఎదురుగాలికి దిగుడు లేదు. ఇక్కడ చాలామంది గాలి వచ్చే వైపుకి రైల్లో వెళ్ళి, సైకిల్ మీద గాలి వాటున ఇంటికొస్తారు. శీతాకాలం పొద్దున అక్కడ గాలి ఈశాన్యం నుంచి మెల్లగా వీస్తుంది, మీరు మొత్తమ్మీద వెళ్ళేది దక్షిణానికి. బాగా కుదిరింది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి తిరుగుతుంది, అప్పుడు ముఖాన కొడుతుంది. ఆరున్నరకి బయల్దేరి పన్నెండు లోపు ఆ రోజు తొక్కుడు ముగించేయండి.

అమలాపురం_టీచర్ | నవంబర్ 22, ఉదయం 7:15

నేను రోజూ స్కూల్‌కి సైకిల్ మీదే వెళ్తాను, పదకొండు కిలోమీటర్లు. అమ్మాయి కూడా వస్తోంది కాబట్టి ఆడవాళ్ళకి కావలసినవి చెప్పాలి, ఇక్కడ ఎవరూ చెప్పలేదు. గట్టు మీద మరుగుదొడ్లు ఉండవు. పెట్రోల్ బంకులు మెయిన్ రోడ్డు మీద ఉంటాయి, గుళ్ళ దగ్గర ఉంటాయి. బయల్దేరేటప్పుడే తర్వాతి గుడి ఎంత దూరమో చూసుకోండి. ఏ ఇంటి ముందైనా ఆగి అమ్మాయి అడిగితే కాదనరు, నాకు ఎప్పుడూ కాదనలేదు. చీకటి పడ్డాక గట్టు మీద వద్దు. మనుషుల భయం కాదు, లైట్లు ఉండవు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క పది అడుగుల పల్లం. ఊరి మొదట్లో కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్ మధ్యలో ఉంచుకుని నడవండి, పది అడుగుల్లో ఆగిపోతాయి.

బ్రెవే తమ్ముడూ, 216 రోడ్డు నున్నగానే ఉంటుంది కానీ దాని మీద కొత్తగా తొక్కేవాళ్ళని పంపకండి. రొయ్యల లారీలు, గ్యాస్ ట్యాంకర్లు, బస్సులు. మార్జిన్ చాలా చోట్ల లేదు. అది దాటాల్సిన చోట దాటడానికి తప్ప దాని మీద ప్రయాణం వద్దు.

బ్రెవే_బెజవాడ | నవంబర్ 22, ఉదయం 9:30

మేడమ్, లారీల గురించి ఒప్పుకుంటున్నాను. నేను తెల్లవారుజాము నాలుగింటికి వెళ్తాను కాబట్టి నాకు తగల్లేదు. కానీ గట్లు అన్నీ బాగుంటాయనుకోవద్దు. ఇసుక ర్యాంపుల (నదిలోంచి ఇసుక తోలే చోట్ల) దగ్గర ట్రాక్టర్లు తిరిగి మోకాలి లోతు దుమ్ము. అలాంటి చోట దిగి నడవాలి. అది లెక్కలో వేసుకోండి సార్.

లొల్లలాకులు | నవంబర్ 22, రాత్రి 8:05

తమ్ముడు చెప్పింది నిజమే. ఇంకోటి, డిసెంబర్ రెండో వారం అంటే సార్వా (ఖరీఫ్ వరి) కోతలు. రోడ్లన్నీ కళ్ళాలే. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. విసుక్కోకండి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర ఇబ్బంది, మాకు ఇంత వెడల్పు ఎండ తగిలే చోటు ఇంకెక్కడుంది? రాత్రిళ్ళు ఆ రాళ్ళకే బండ్లు గుద్దుకుంటాయి, అందుకూ చీకట్లో వద్దంటున్నాం.

రెండో రోజు రావులపాలెం నుంచి పలివెల గుడి, కొత్తపేట మీదుగా అమలాపురం. మూడో రోజు అంబాజీపేట. పొద్దున టిఫిన్ అక్కడే చెయ్యండి, పొట్టిక్కలు అడగండి. పనసాకుల బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు, ఆ ఆకు వాసన పిండికి పడుతుంది. అక్కణ్ణుంచి పి.గన్నవరం. గోదావరి పాయ వైనతేయ మీద ఆక్విడక్ట్. కింద నది, నది మీద వంతెన, వంతెన మీద కాలవ! కాటన్ కాలం నాటిది ఒకటి, తర్వాత పక్కనే కట్టింది ఇంకోటి. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. అక్కడ తొందరపడొద్దు. తర్వాత అప్పనపల్లి, మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది. రాత్రికి రాజోలు. నాలుగో రోజు మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. తిరుగు ప్రయాణం మళ్ళీ రాజమండ్రి పోకండి, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని కూడా ఎక్కించుకునే పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటితే నరసాపురం. అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి రైలుంది.

నల్గొండ_సైకిల్ | నవంబర్ 23, ఉదయం 6:50

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలి కానీ అందరికీ కలిపి కృతజ్ఞతలు. చీటీ రాశాను: ధవళేశ్వరం, బొబ్బర్లంక, లొల్ల, ర్యాలి, రావులపాలెం, పలివెల, అమలాపురం, అంబాజీపేట, గన్నవరం, అప్పనపల్లి, రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది. మా అమ్మాయి అడాప్టర్లు కొనేసింది. వచ్చాక రాస్తాను.

నల్గొండ_సైకిల్ | డిసెంబర్ 19, రాత్రి 8:30

వచ్చేశామండి. నాలుగు రోజులు, మొత్తం 148 కిలోమీటర్లు. పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట చెడు కబురు. రైల్లో లగేజీగా వేసిన సైకిళ్ళలో అమ్మాయి సైకిల్ వెనక గేరు లోపలికి వంగి దిగింది, దాని మీద ఇంకేదో పార్సిల్ పడేశారు. గేరు మారిస్తే చైను చువ్వలకి తగులుతోంది. రాజమండ్రిలో ఒక పెద్దాయన చేత్తో మెల్లగా వంచి సరిచేశారు కానీ వెనక పెద్ద పళ్ళ చక్రం మీదకి గేరు వెయ్యొద్దమ్మా అన్నారు. కొండలుంటే ఇబ్బంది పడేవాళ్ళం. నాలుగు రోజులూ మధ్య గేరులోనే వెళ్ళిపోయింది, ఒక్కసారి కూడా లోటు తెలియలేదు.

ధవళేశ్వరంలో గంట అనుకున్నది రెండు గంటలైంది. బ్యారేజీ మీద నిలబడితే ఒక పక్క సముద్రంలా నీళ్ళు, ఇంకో పక్క ఇసుక. మా ఊళ్ళో మా నాన్న మూడు బోర్లు వేయించి మూడింట్లోనూ దుమ్మే చూశారు. ఆ నీళ్ళు చూస్తుంటే నాకు మాట రాలేదు. అమ్మాయి ఏమీ అడగలేదు, పక్కనే నిలబడింది.

ఆలస్యమైంది కాబట్టి లొల్ల లాకులకి మంచు పోయాక చేరాం. అయినా అక్కడ గంటసేపు కూర్చున్నాం. లాకు తలుపు సందుల్లోంచి నీళ్ళు జారే శబ్దం, చెట్ల నీడ. ఆత్రేయపురంలో ఒక ఇంట్లో కుండ మీద తడి గుడ్డ అలా లాగి ఇలా రేకు తీస్తుంటే అమ్మాయి తనూ ప్రయత్నించింది, మూడు చిరిగాయి, నాలుగోది వచ్చింది. ఆవిడ ఆ నాలుగోది అమ్మాయికే చుట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. మేం వేరేగా రెండు పెట్టెలు కొన్నాం.

రెండో రోజు కళ్ళాలు. కొత్తపేట దాటాక రోడ్డుకి ఒక పక్క పొడవునా ధాన్యం. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు దిగి ఆగాల్సి వచ్చేది. ఒక చోట రైతు, ఆయన భార్య కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్నారు, అలా చాళ్ళు చాళ్ళుగా. మేం సైకిళ్ళు నడిపించుకుంటూ పోతుంటే ఆవిడ అమ్మాయిని పిలిచి తేగలు ఇచ్చారు, కాల్చినవి, ఇంకా వేడిగా ఉన్నాయి. ఎక్కణ్ణుంచి, ఎందుకు, ఇంత దూరం సైకిల్ మీద ఎందుకమ్మా బస్సు లేదా అని అడిగారు. అమ్మాయి "బస్సులో అయితే మీరు తేగలు ఇచ్చేవాళ్ళు కాదు కదండీ" అంది. ఆవిడ ఎంత నవ్విందో. ఆ రోజు మేం తొక్కింది 34 కిలోమీటర్లు, పట్టింది ఏడు గంటలు.

మూడో రోజు గన్నవరం ముందు పంక్చర్. నా సైకిలే. తుమ్మ ముల్లు. గట్టు దిగువన రేకుల కొట్టులో ఒకాయన, డెబ్బై ఏళ్ళుంటాయి. ట్యూబు తీసి నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ చూసి, గీకి, సొల్యూషన్ రాసి ఆరేదాకా మాతో మాట్లాడుతూనే ఉన్నారు. 1996 నవంబర్ తుఫానులో ఆయన కొట్టు, వెనక ఉన్న కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పోయాయట. ఇప్పుడున్న చెట్లన్నీ ఆ తర్వాత వేసినవే అని చూపించారు. అప్పటిదాకా నాకు ఆ తోటలు ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు అనిపించేవి. ఆ తర్వాత దారి పొడుగునా చెట్ల వయసు చూస్తూ వెళ్ళాను.

ఆక్విడక్ట్ గురించి రాయలేను. లొల్లలాకులు అన్నగారూ, మీరు తొందరపడొద్దన్నారు కదా, మేం అక్కడ పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఉన్నాం, అప్పనపల్లి భోజనం తప్పిపోయింది. మధ్యాహ్నం గాలి తిరిగింది. ఐండ్‌హోవెన్ అన్నగారు చెప్పినట్టే ముఖాన కొట్టింది. రాజోలు దాకా చివరి పదిహేను కిలోమీటర్లు రెండున్నర గంటలు. అమ్మాయి ముందు, నేను దాని వెనకాల చాటున. చిన్నప్పుడు నా సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చునేది.

నాలుగో రోజు అంతర్వేది. గుడి, లైట్‌హౌస్, అన్నాచెల్లెళ్ళ గట్టు. నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసే చోట రంగు మారడం కంటికి తెలుస్తోంది. ధవళేశ్వరంలో చూసిన నీళ్ళు ఇవే కదా నాన్నా అంది అమ్మాయి. పంటు మీద మా సైకిళ్ళ పక్కన రెండు మోటార్ సైకిళ్ళు, ఒక ఆటో, మేకలు. నరసాపురంలో రైలెక్కాం. ఈసారి వెనక గేరు విప్పి అట్టపెట్టె ముక్క చుట్టి కట్టాను, క్షేమంగా వచ్చింది.

రేకులషెడ్డు_మెకానిక్ | డిసెంబర్ 19, రాత్రి 9:12

విప్పి కట్టడం మంచి పని సార్. ఆ వంగింది హ్యాంగర్ అంటారు, మెత్తటి అల్యూమినియం, ఒకసారి వంచి సరిచేశాక బలం పోతుంది. మళ్ళీ అలాగే తొక్కకండి, ఆ మోడల్‌దే కొత్తది తెప్పించి వేయించండి. ఆ పంక్చర్ పెద్దాయన ఎంత తీసుకున్నారు?

నల్గొండ_సైకిల్ | డిసెంబర్ 19, రాత్రి 9:20

ముప్ఫై అడిగారు. యాభై ఇస్తే ఇరవై వెనక్కి ఇచ్చేశారు.

బ్రెవే_బెజవాడ | డిసెంబర్ 20, ఉదయం 5:45

సార్, చదివాను. నేను ఆ గన్నవరం మీదుగా మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ చీకట్లోనే. కాలవ నది మీద పోతుందని నాకు ఇప్పటిదాకా తెలియదు. 200, 300 కిలోమీటర్లు తొక్కడం నాకు ఇష్టం, అది మాననుగానీ, ఈ జనవరిలో ఒకసారి పగలు వస్తాను. లొల్ల అన్నా, లాకుల దగ్గర కలుస్తారా?

లొల్లలాకులు | డిసెంబర్ 20, ఉదయం 6:30

తప్పకుండా తమ్ముడూ, ఇంటికే రండి. కనుమ రోజుకి వస్తే జగ్గన్నతోట ప్రభల (దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన అలంకరించిన చట్రాల) తీర్థం చూడొచ్చు, ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటేటప్పుడు చూడాలి, మెడ లోతు నీళ్ళలో భుజాల మీద ఎత్తుకుని దాటిస్తారు. కానీ ఆ రోజు సైకిల్ మా ఇంట్లో పెట్టి నడిచి వెళ్దాం, ఆ జనంలో సైకిల్ నడవదు. అలాగే భీష్మ ఏకాదశి ముందూ వెనకా అంతర్వేది వైపు పోకండి, తీర్థం, రోడ్లు నిండిపోతాయి. ఏప్రిల్ తర్వాత అసలు రావద్దు, కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, నీళ్ళు లేని కాలవ పక్కన ఎండలో ఏం చూస్తారు.

అమలాపురం_టీచర్ | డిసెంబర్ 20, సాయంత్రం 5:10

నల్గొండ సార్, మీ పోస్టు మా తొమ్మిదో తరగతి పిల్లలకి చదివి వినిపించాను. వాళ్ళు రోజూ ఆ గట్టు మీదే వస్తారు. గన్నవరం దాకా ఒక ఆదివారం సైకిళ్ళ మీద తీసుకెళ్ళమని పదిహేడు మంది పేర్లిచ్చారు. నాకు సాయంగా ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి, దగ్గర్లో ఎవరైనా ఉంటే రాయండి.

రేకులషెడ్డు_మెకానిక్ | డిసెంబర్ 20, సాయంత్రం 5:32

నేను వస్తాను మేడమ్. మాది ముమ్మిడివరం. ముందు శనివారం స్కూలుకొచ్చి అందరి సైకిళ్ళ బ్రేకులు చూస్తాను, పిల్లల సైకిళ్ళకి వెనక బ్రేకు సరిగా ఉండదు.

నల్గొండ_సైకిల్ | డిసెంబర్ 20, రాత్రి 9:05

ఆదివారం ఏదో చెప్పండి టీచర్ గారూ, రైలు దొరికితే మేమిద్దరం వస్తాం. అమ్మాయి అప్పుడే ఇంకో చీటీ రాస్తోంది: కాకినాడ, ద్రాక్షారామం, కోటిపల్లి, పంటు మీద ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అయినవిల్లి, అమలాపురం. కోటిపల్లి రేవులో పంటు మీద సైకిళ్ళు ఎక్కించుకుంటారా?

లొల్లలాకులు | డిసెంబర్ 21, ఉదయం 6:15

ఎక్కించుకుంటారండి. కానీ నీటిమట్టం బట్టి, గాలి బట్టి ఆపేస్తుంటారు. బయల్దేరే ముందురోజు నాకు ఇక్కడ రాయండి, రేవులో మా బావమరిదిని అడిగి చెబుతాను.